పాచికలు – పట్టికలు

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి హైదరాబాదునకు వచ్చు బస్సులు ఎల్.బి. నగరు కూడలిలో చాలమందిని దింపును. దిగినవారిలో పుస్తకముల సంచులతో, బియ్యపు మూటలతో వచ్చిన పడుచువాండ్రు పలువురుందురు. వారు అక్కడినుండి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరు సందులలోని హాస్టళ్లకు చేరి, కోచింగు కేంద్రములలో ఉద్యోగపరీక్షలకు చదువుకొందురు. వారిని పంపిన తలిదండ్రులు పల్లెలలో నుందురు. నేటి నా ప్రసంగము ఆ తలిదండ్రులను, వారికి మంచిచెడ్డలు చెప్పు గ్రామపెద్దలను ఉద్దేశించినది.

ఈ నడుమ కొందఱు పెద్దలు నన్నొక ప్రశ్న యడుగుచున్నారు. "మా పిల్లవాడు రాత్రివేళ కంప్యూటరు ముందర కూర్చుండి, మఱి నలుగురితో గూడి పాచికలు వేయుచున్నాడట. ధర్మరాజంతవాడే పాచికలవలన చెడెను గదా! వీని గతి యేమి?" అని. ప్రశ్న న్యాయమైనదే. పాచిక యను మాట చెవిని బడగానే మనకెల్లరకు సభాపర్వము జ్ఞప్తికి వచ్చును. అయితే ఈ పిల్లలు వేయు పాచికకును వారికి కలుగు ఫలమునకును నడుమ ఒక వస్తువు కలదు. దాని పేరు పట్టిక. దానిని చూడక తీర్పు చెప్పరాదని నా మనవి.

నేను తెలుగు పాఠములు చెప్పి విశ్రమించిన బడిపంతులను. కావ్యములు, కొంత వ్యాకరణము గురుముఖమున చదివినవాడను. యంత్రములు నా విద్య కావు. కాని మా మనుమడును వాని స్నేహితులును ఎల్.బి. నగరులోని యింట ప్రతి శనివారము ఈ యాట నాడుచుండగా ఏడాదికి పైగా చూచుచున్నాను. అర్థము కానిది అడిగి తెలిసికొంటిని. పిల్లలు ఓపికతోనే చెప్పిరి. పూర్వము నేను వారికి సంధులు చెప్పునప్పుడు చూపిన ఓపికకంటె అది హెచ్చు.

ముందుగా ఆట సంగతి. దీనిని రోల్ ప్లేయింగ్ గేమ్ అందురు. పాత్ర ధరించి యాడు ఆట యని యర్థము. ముఖమునకు రంగు లేదు, కాలికి గజ్జె లేదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టు కూర్చుందురు. ఒకడు వర్తకుడు, ఒకడు భటుడు, ఒకతె వైద్యురాలు, ఇట్లు తలకొక పాత్ర నెత్తికొందురు. ఒక్కడు మాత్రము ఏ యొక్క పాత్రకును కట్టువడక కథను నడుపును. వానిని పిల్లలు గేమ్ మాస్టరందురు. మన భాగవతుల మేళములో సూత్రధారుడెట్టివాడో వీడట్టివాడు గనుక నేను సూత్రధారుడనియే పిలిచెదను. "మీరు వాగు దగ్గఱకు వచ్చితిరి. వాగు పొంగుచున్నది. ఏమి చేసెదరు?" అని అతడడుగును. తక్కినవారు తమ పాత్రల స్వభావమును బట్టి "ఈదెదము" అనియో, "రాత్రికి ఇచ్చటనే విడిసెదము" అనియో చెప్పుదురు. ఈదగలిగిరా, కొట్టుకొని పోయిరా యనునది పాచిక తేల్చును. ఇందులో ఒకనిసొమ్ము ఒకనికి పోవుట లేదు. కథ సాగుటయే ఫలము.

1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు రచించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆట అచ్చుపడినది. ఈ తెగ ఆటలకు అది మొదటిదని చెప్పుదురు. కాని పాచికను పట్టికతో జతపఱచుట అంతకంటె పాతది. 1824లో ప్రష్యా సైన్యమునకు చెందిన రైస్విట్జ్ అను అధికారి ఒక యుద్ధక్రీడను ప్రకటించెను. పటముమీద దళములను జరిపి, తుపాకులు ప్రేలినప్పుడు ఎందఱు కూలిరో పాచిక వేసి, పట్టికలో చూచి నిర్ణయించెడివారు. ఉద్యోగస్థులకు యుద్ధము నేర్పుటకై పుట్టిన ఆ పద్ధతియే యుద్ధక్రీడల మీదుగా ఈ కథల యాటకు సంక్రమించినది.

ఇక పట్టిక. ఒక కాగితముపై ఒకటినుండి నూఱువఱకు అంకెలు వేసి, ఒక్కొక్క అంకెకో, కొన్ని అంకెల వరుసకో ఎదురుగా ఒక సంగతి వ్రాయుదురు. పది ముఖములు గల పాచికలు రెండు వేసి, ఒకదానిని పదుల స్థానముగను, రెండవదానిని ఒకట్ల స్థానముగను చదివినచో నూఱులోపల ఏదో యొక సంఖ్య పడును. రెండు సున్నలు పడిన నూఱని లెక్క. ఆ సంఖ్యకు ఎదురుగా నున్న సంగతి కథలో జరుగును. ఇంతే. బాటసారులకు త్రోవలో ఎదురగునవి ఒక పట్టిక, ఊరిలో వినబడు వదంతులు ఒక పట్టిక, సత్రపు యజమాని స్వభావ మొక పట్టిక. సూత్రధారుని బుద్ధి యెంత చుఱుకైనదైనను తిరిగిన త్రోవనే తిరుగును. ప్రతి సత్రములోను ఒక్క తీరు యజమానియే యుండును. పాచిక ఆ గాడిని తప్పించును. తాను తలపని సంగతి మీద పడినప్పుడు దానిని కథలో ఇముడ్చుకొనవలసి వచ్చును. అప్పుడే సూత్రధారుని సామర్థ్యము బయటపడునని మా మనుమడనును. మన అవధానములలో పృచ్ఛకుడు నిషేధాక్షరి యడిగినప్పుడు అవధానికి కలుగు ఇరుకు ఇట్టిదే గదా యని నేనంటిని. వానికి ఆ పోలిక నచ్చినది.

మన పూర్వులే కంప్యూటరు కనిపెట్టిరని నేను చెప్పబోను. అట్టి మాటలు నాకు రుచింపవు. కాని పాచికయు పట్టికయు గూడిన పద్ధతి మనవారికి తెలియునని సాక్ష్యము కలదు. 1890లో మధ్య ఆసియాలోని కూచాలో దొరకిన ప్రాచీన సంస్కృత గ్రంథమొకటి బవర్ పుస్తకమని ప్రసిద్ధము. అందు పాశకకేవలి యను ప్రశ్నగ్రంథము కలదు. నాలుగంకెల పాచికను మూడుమారులు వేయవలెను. నాలుగు నాలుగులు పదునాఱు, పదునాఱు నాలుగులు అఱువదినాలుగు. అఱువదినాలుగు తీరులకును ప్రత్యుత్తరము లేర్పడి యున్నవి. ప్రశ్న యడిగినవాడు తనకు పడిన అంకెలకు చెందిన దానిని చదివించుకొని పోవును. పట్టిక వేసి వ్రాసిన పండితుడెవడో చనిపోయి ఎన్నియో శతాబ్దములైనను, పాచిక వేసిన ప్రతివాడును ఆ పండితుడు తలచిన అఱువదినాలుగు మాటలలో ఒకటే విన్నాడు, అఱువదియైదవది వినలేడు.

ఈ మాటను కొంచెము నిలిచి ఆలోచింపుడు. పాచిక గ్రుడ్డిది. దానికి పులియు తెలియదు, వాగు తెలియదు. ఏమేమి జరుగవచ్చునో, ఏది ఎంత తఱచుగా జరుగునో నిర్ణయించినవాడు పట్టిక వ్రాసినవాడు. అన్నదమ్ములు భూమి పంచుకొనునప్పుడు మీరు చేయునది జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ముందు పెద్దలు నాలుగుదినములు పొలము గట్ల వెంబడి తిరిగి, నల్లరేగడి యెంత, చవుడు ఎంత, బావి యెవరి వైపు పడును, దారి యెవరికి దూరమగును అని చూచి సమమైన పాళ్లు వేయుదురు. ఆ పిమ్మట చీట్లు వ్రాసి, చిన్నబిడ్డచేత తీయింతురు. చీటి తీయుట నిమిషము పని. ఆ బిడ్డను ఎవరును తప్పుపట్టరు. పాళ్లు వేయుటలో కుత్సితమున్నచో ఆ బిడ్డ యెంత నిర్మలమైనదైనను పంపకము అన్యాయమే యగును. చోళుల కాలమున ఉత్తరమేరూరులో సభాసదులను కుండలో వేసిన తాటాకు చీట్లనుండి బాలునిచే తీయించి యెన్నుకొనెడివారు. క్రీ.శ. 919, 921 నాటి శాసనములు దానిని దెలుపును. ఆ శాసనములలోను ఎవని పేరు కుండలో వేయదగును, ఎవనిది వేయరాదు అనుదానికే ఎక్కువ చోటు.

2023లో హైదరాబాదు నగరమున పేదలకు డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లు ఇచ్చుటకు ప్రభుత్వము లబ్ధిదారులను కంప్యూటరు డ్రా ద్వారా ఎంచినది. ఎల్.బి. నగరు ప్రాంతమువారును దాని ఫలమునకై ఎదురుచూచిరి. అచటను ఇదే క్రమము: జాబితా ముందు, డ్రా తరువాత. జాబితాలో పేరు లేనివానికి యంత్రమెంత నిష్పక్షపాతమైనను ఒరుగునది లేదు.

ఇక ఏది ఎంత తఱచుగా అను విషయము. అష్టాచెమ్మ యాడిన ప్రతివారికి ఇది చేతులకు తెలిసిన విద్యయే. నాలుగు గవ్వలు వేసినప్పుడు నాలుగును ఒక్కతీరున పడుట అరుదు. గవ్వ బోర్లగాను వెల్లకిలగాను సమముగా పడునని లెక్కకొఱకు అనుకొందము. నిజముగా పడదని ఆడినవారెఱుగుదురు. నాలుగు గవ్వలు పడు తీరులు పదునాఱు. అందులో నాలుగును వెల్లకిలగా పడునది ఒక్క తీరు, నాలుగును బోర్లపడునది ఒక్క తీరు. మూడు వెల్లకిలయైనవి నాలుగు తీరులు, ఒక్కటి వెల్లకిలయైనవి నాలుగు. రెండు రెండుగా పడునవి ఆఱు. కనుకనే చెమ్మకును అష్టకును అంత సంబరము. ఆఱు ముఖముల పాచికలు రెండు వేసినను ఇట్లే. ముప్పదియాఱు తీరులలో ఏడు పడుటకు ఆఱు తీరులు. రెండు పడుటకు ఒక్కటి, పండ్రెండు పడుటకు ఒక్కటి. తెలిసిన సూత్రధారుడు ఏడునకు ఎదురుగా నిత్యము జరుగు సంగతిని, రెండునకును పండ్రెండునకును ఎదురుగా అపూర్వములను వ్రాయును.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథముమీద పోవుచు తాండ్రచెట్టును చూచి దాని ఆకులు కాయలు ఇన్నియని చెప్పగా, నలుడు రథము నిలిపి యెంచి చూచెను. లెక్క సరిపోయినది. ఆ రాజే నలునకు అక్షహృదయము నుపదేశించెను. కలి నలుని విడిచి ఆ తాండ్రచెట్టునే చేరెను. త్రిఫలములలో ఒకటియగు ఆ తానికాయయే వేదకాలపు పాచిక. కృత, త్రేత, ద్వాపర, కలి యనునవి పాచిక పడు తీరులకు పేర్లు. ఆ పేర్లే యుగములకును కలవు. చెట్టునెంచు విద్యయు పాచికవిద్యయు ఒక్కనివద్దనే యుండుట ఊరక చెప్పినది కాదని నా యభిప్రాయము. ఏది యెన్నిమారులు వచ్చునో యెంచుకొన్నవానిని పాచిక అంత సులభముగా మోసగింపజాలదు. మన కాలమున ఆ యెంచు విద్యను శాస్త్రముగా పెంచినవారిలో సి.ఆర్. రావుగారు మనవారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, సంఖ్యాశాస్త్రమున లోకప్రసిద్ధులై, 2023లో నూటరెండేండ్ల వయస్సున పరమపదించిరి.

ఇప్పుడీ యాటను కంప్యూటరుమీద ఆడుటకు సాఫ్ట్‌వేర్లు కలవు. 2004లో ఫాంటసీ గ్రౌండ్స్, 2012లో రోల్ ట్వెంటీ, 2020లో ఫౌండ్రీ అనునవి వచ్చినవి. ఆడువారిలో ఒకడు దిల్‌సుఖ్‌నగరులోను, ఒకడు ఎల్.బి. నగరులోను, ఒకడు అమెరికాలోను ఉన్నను ఒక్క పటము చుట్టు కూర్చున్నట్లే యుండును. పాచికను యంత్రమే వేయును, పట్టికను యంత్రమే చదువును. ఒక్కొక్క వరుసకు వెయిట్ అని, అనగా బరువు అని, ఒక గడి యుండును. బరువు పది యని వ్రాసిన సంగతి, బరువు ఒకటి యని వ్రాసినదానికంటె పదిరెట్లు తఱచుగా వచ్చును. ఒక వరుసలో సంగతికి బదులు మఱియొక పట్టిక పేరు వ్రాయవచ్చును. అప్పుడు యంత్రము ఆ రెండవ పట్టికలోనికి పోయి మరల పాచిక వేయును. ఫౌండ్రీలో, ఒకమారు వచ్చిన వరుసను పట్టికలో మరల కలుపవలెనా, ప్రక్కన పెట్టవలెనా అని కూడ నిర్ణయింపవచ్చును. ఇది మీకు చీటీలవలన తెలిసినదే. ఇరువదిమంది కూడి నెలనెల డ్రా తీయు చీటీలో, ఒకమారు చీటి వచ్చినవాని పేరు మరల డబ్బాలో వేయరు. త్రోవలో ఎద్దుల బండి ఎన్నిమారులైనను ఎదురుపడవచ్చును, కనుక ఆ వరుసను కలుపవలెను. రాజకుమారుని పెండ్లి రెండుమారులు జరుగరాదు, కనుక దానిని ప్రక్కన పెట్టవలెను. చిన్న గడియే, కాని దానిని మఱచిన సూత్రధారుని కథలో ఒక్క వారములో మూడుమారులు పెండ్లియైనది. నేను కన్నులార చూచితిని.

యంత్రమునకు చేయి లేదు గదా, పాచిక నెట్లు వేయును? నేనును ఇదే యడిగితిని. సమాధానము లెక్కలలో నున్నది. ఒకటి తీసికొని మూటిచే గుణింపుడు, ఏడుచే భాగించి శేషము వ్రాయుడు: మూడు. దానిని మరల మూటిచే గుణించి ఏడుచే భాగింపుడు: రెండు. ఇట్లే సాగించిన ఆఱు, నాలుగు, అయిదు, ఒకటి వచ్చును. మూడు, రెండు, ఆఱు, నాలుగు, అయిదు, ఒకటి. వెనుక నున్న లెక్క తెలియనివానికి ఇది పాచిక పడినట్లే కానవచ్చును. ఆఱింటి పిమ్మట మరల మూడునుండియే తిరుగును గనుక మోసము తెలిసిపోవును. యంత్రములు ఇట్టి లెక్కనే కోటానుకోట్ల సంఖ్యలతో చేయును. మొదట తీసికొను సంఖ్యను వారు సీడ్ అందురు, బీజమని యర్థము. మన గణితమునకు బీజమను మాట సరిగానే యమరినది. 1998లో మకోతో మత్సుమోతో, తకుజి నిషిమురా అను జపాను గణితజ్ఞులు ప్రకటించిన పద్ధతిని ఫౌండ్రీ వాడుచున్నది. అది మరల మొదటికి వచ్చుటకు ముందు ఇచ్చు సంఖ్యలు ఎన్నియన, ఆ లెక్క వ్రాయుటకే ఆఱువేల రెండు అంకెలు కావలెను. చేతిపాచికకు అరిగిన మూలయో, సీసము పోసిన పక్షమో ఉండవచ్చును. యంత్రపు పాచికకు ఆ దోషము లేదు. కనుక యంత్రపు పాచికను శంకించుట వ్యర్థము. శంకింపవలసినది పట్టికను.

పోయిన వానకాలమున నల్లగొండ జిల్లానుండి ఒక రైతు తన కుమారుని ఇంటికి తీసికొనిపోవుటకే వచ్చెను. ఆ పిల్లవాడు మా మనుమని స్నేహితుడు, దిల్‌సుఖ్‌నగరులో గ్రూపు పరీక్షలకు చదువుచున్నాడు. కొడుకు పాచికలాడుచున్నాడని ఊరిలో ఎవరో చెప్పిరట. పిల్లవాడు తలవంచుకొని నిలుచుండెను, పుస్తకముల మూట కట్టియే యున్నది. పరీక్షకు మూడు నెలలున్నవి. మధ్యవర్తిగా న న్నుండుమనిరి. నేను ఆట మంచిదనియు చెడ్డదనియు అనలేదు. "ముందు పట్టిక చూతము" అంటిని.

వారు ఆడుచున్న కథ గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు వర్తకులది. కుతుబ్‌షాహీల నాడు ఆ బాట మన తూర్పుదిక్కునుండియే పోయెడిది. ఎల్.బి. నగరు దాటిన పిమ్మట వచ్చు హయత్‌నగరులో హయత్ బక్షీ బేగము పేర వెలసిన మసీదును, దాని దగ్గఱ హాథీబౌలి యను పెద్దబావియు నేటికిని కలవు. పిల్లలు అవి చూచి వచ్చి కథ కట్టిరి. త్రోవలో ఎదురగు వాని పట్టిక తెరమీద పెట్టిరి. ఒకటినుండి ముప్పదివఱకు పులి. ముప్పదియొకటినుండి ఏబదియైదువఱకు దొంగలు. ఆ పిమ్మట దయ్యము, నిధి. తొంబదియొకటినుండి నూఱువఱకు ఏమియు లేదు.

రైతు కొంతసేపు చూచెను. పిమ్మట కొడుకు వైపు తిరిగి, "ఇన్ని పులులుంటె ఆ తొవ్వన బండెవడు కడతడు బిడ్డా? బండ్లు నడవకపోతె తొవ్వే ఉండదు గద" అనెను.

గదిలో ఎవరును మాటాడలేదు. మా మనుమడు మెల్లగా, "మఱి యేమి వ్రాయుదుము, పెద్దనాయనా?" అని యడిగెను. అప్పుడా పెద్దమనిషి కుర్చీ దగ్గఱకు లాగికొనెను. పదిదినములు బండిమీద పోయినచో సగము దినములు ఏమియు జరుగదని, ఆ ఏమియు జరుగకపోవుటను ముందు వ్రాయుమని చెప్పెను. తన తాత బండి తోలిన కాలపు సంగతులు ఒక్కొక్కటి చెప్పుచుండగా కొడుకే టైపు చేసెను. తయారైన పట్టిక యిది: ఒకటినుండి ముప్పదియైదువఱకు ప్రయాణము సుఖము. ముప్పదియాఱునుండి ఏబదియైదువఱకు లంబాడీల ఉప్పు బిడారు. ఏబదియాఱునుండి అఱువదియేడువఱకు ఇరుసు విఱుగుట. డెబ్బదియేడువఱకు సుంకపు చౌకి. ఎనుబదియాఱువఱకు ఎండిన బావి. తొంబదిమూడువఱకు ఎద్దుకు జబ్బు. తొంబదియేడువఱకు దొంగలు. తొంబదియెనిమిది, తొంబదితొమ్మిది పెండ్లివారి బండ్లు. నూఱు పడిన పులి.

దొంగలు నాలుగింటికి దిగినందుకు పిల్లలు నొచ్చుకొనిరి. ఆయన వినలేదు. "దొంగలు రోజు దొరికితె ఊళ్లల్ల మనుషులేడుంటరు" అనెను. ఇది వేసవి లెక్క యనియు, వానకాలమున చెల్లదనియు, అప్పుడు ఎండిన బావి తీసివేసి వాగు పొంగుటకు ఇరువది యీయవలెననియు చెప్పి, రెండవ పట్టిక వ్రాయించెను. మాసమును బట్టి తగిన పట్టికను యంత్రము పిలుచునట్లు మా మనుమడు అమర్చెను. ఆ రాత్రి వారు మరల ఆడిరి. ఇరుసు విఱిగినది. అడవిలో కమ్మరి లేడు. ఇరుసునకు ఏ కఱ్ఱ పనికివచ్చును, తుమ్మయా, సండ్రయా అను వాదము ముప్పావుగంట సాగినది. ముప్పది పులులతో వారికి అంత కథ దొరకలేదని చూచిన నాకు తోచినది. రైతు మఱునాడు ఒక్కడే ఊరికి పోయెను. పోవునప్పుడు వారమునకు ఒక్క దినమే ఆడవలెననియు, రాత్రి పదిగంటలకు కట్టివేయవలెననియు షరతు పెట్టెను. ఆ షరతు నాకును సమ్మతమే. యంత్రము చేతిలో నుండుటవలన పాచిక వేయుటకు శ్రమ లేదు, శ్రమ లేని పనికి వేళ తెలియదు.

ఒక్క సంగతి ఈ యాటలో నాకు నచ్చనిది కలదు. సూత్రధారుడు తలచినచో పాచికను తానొక్కడే చూచునట్లు మఱుగుపఱుపవచ్చును. కథలో రహస్యము నిలుచుటకు అది యవసరమని పిల్లల వాదము. కావచ్చును. కాని నలుగురి యెదుట పడిన పాచికకు ఉన్న గౌరవము వేఱు. ప్రాణము మీదికి వచ్చు సంగతులలోనైనను బయట వేయుమని మా మనుమనికి చెప్పితిని. వాడు సగము వినును.

ఇంతవఱకు చెప్పినది డబ్బు లేని యాట. పట్టిక యున్నంతమాత్రాన ప్రతి యాటయు ఇట్టిదని భ్రమపడకుడు. ఫోనులలో మఱియొక తెగ ఆటలు కలవు. వానిలో లూట్ బాక్స్ అని ఒక మూతవేసిన పెట్టెను చూపుదురు. రూపాయలు చెల్లించి తెఱువవలెను. లోపల మేలైన కత్తి యుండవచ్చును, పనికిరాని గుడ్డపేలిక యుండవచ్చును. దాని వెనుకనున్నదియు ఇట్టి పట్టికయే. కాని దానిని వ్రాసినవాడు అమ్మకపువాడు. మేలైన వస్తువునకు ఎంత బరువు వేసెనో తనకు తానై చెప్పడు. 2017నుండి ఆ లెక్కలను బయటపెట్టవలెనని చైనా ప్రభుత్వము శాసించినది. 2018లో బెల్జియము దానిని జూదమనియే తేల్చినది. మన తెలంగాణమున 2017లోనే డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించిరి. 2025లో కేంద్రప్రభుత్వమును దేశమంతటికి అట్టి చట్టమును చేసినది. చట్టమున్నను ఫోను జేబులోనే యున్నది. కాబట్టి బిడ్డ పాచికలాడుచున్నాడని వినినప్పుడు కోపపడుటకు ముందు అడుగుడు: రూపాయి పోవుచున్నదా? పట్టిక యెవడు వ్రాసెను? దానిని నాకు చూపగలవా? పట్టికను తెఱచి చూపగల పిల్లవానితో కూర్చుండి మాటాడవచ్చును. చూపలేని యాటయైనచో ఫోను తీసికొనుడు.

చూపినప్పుడు ఊరక చూచి తల యూపకుడు. అందు తప్పులుండును. నగరమున పెరిగిన పిల్లలకు కరవు ఎన్నేండ్లకొకమారు వచ్చునో తెలియదు. ఈతకాయ పండు నెల తెలియదు. పాము కనబడుట వేఱనియు కఱచుట వేఱనియు తెలియదు. బరువు గడిలో ఏ యంకె వేయవలెనో వారికి పుస్తకములలో దొరకదు, అది మీవద్ద నున్నది.

ఆ నల్లగొండ రైతు దసరా పండుగనాడు ఫోను చేసి, వారపు సంతలో వినబడు మాటలని మఱియొక పట్టిక చెప్పెను. ఇరువది వరుసలు కావలెనని పిల్లలు కోరియుండిరి. ఎడ్ల ధరలు, పిల్లకు సంబంధములు, కాల్వనీరు, ఒకాయన తాకట్టు పెట్టిన కడియము, ఇట్లు పదునెనిమిది చెప్పెను. తక్కిన రెండు తమ యూరి పోస్టుమాస్టరునకు బాగుగా తెలియుననియు, ఆయన చెప్పుటకు ఇంకను ఒప్పుకొనలేదనియు అనెను. ఆ రెండు వరుసలు నేటికిని ఖాళీగానే యున్నవి.